కత్తిరించిన మాట

పోయిన వారం హర్షిణిని డోన్ బస్టాండులో, టీ అంగడి టీవీ ముందర నిలబెట్టి వదిలాం. చేతిలో టీ చల్లారిపోతోంది. తెర మీద ఇరవై ఒక్క సెకన్ల వీడియో తిరిగిందే తిరుగుతోంది. ఒక బడి ఆవరణ, జాతీయగీతం మధ్యలో చెల్లాచెదురుగా పరుగెత్తే పిల్లలు, బురదలో పడిన జెండా, ఆ జెండాకు వీపు పెట్టి వంగి ఉన్న ఒక ఆడమనిషి. జెండాకు ఘోర అవమానం జరిగిందని ఉరుముతున్న గొంతు హర్షిణిదే. కర్నూలు ఆఫీసులో, గాలాడని చిన్న గదిలో కూర్చుని ముందురోజు తాను చదివిచ్చిన వార్త అది. చదివిన కాగితంలో పేరు లేదు, ఊరు లేదు. "కడప జిల్లాలో ఓ మిషన్ స్కూలు" అని మాత్రమే ఉంది. బొమ్మలు ఆమెకు ఎవరూ చూపించలేదు. ఇప్పుడు చూసింది. వంగి ఉన్న ఆ వీపు తనకు అక్షరాలు దిద్దించిన విశ్వాసమ్మ టీచరుది.

వారం సెలవుకు ఇంటికి బయల్దేరిన పిల్ల. జమ్మలమడుగులో బస్సు మారి, గండికోట దారిలో నల్లగుట్టపల్లె దగ్గర దిగేసరికి పన్నెండు దాటింది. అయినా ఇంటివైపు తిరగలేదు. ఊరి నడుమ ఆమె నాన్న గోపన్న ఇల్లుంది. శనగ పండించే పెద్ద రైతు, ఊళ్లో ఆయన మాటకు నలుగురూ తలూపుతారు. కూతురి గొంతు టీవీలో వినబడే వేళకు అరుగు మీద మనుషుల్ని పోగేసి కూర్చునే అలవాటు ఆయనది. హర్షిణి ఆ వీధి దాటి, తలవంచుకుని చర్చి వెనక వీధికి నడిచింది.

సరిహద్దులో కాల్పులు జరిగిన ఎండాకాలం నుంచి ఊళ్లో ప్రతి మోటారుసైకిలుకూ ఒక చిన్న ప్లాస్టిక్ జెండా వేలాడుతోంది. చర్చి వీధిలో కూడా ఉన్నాయి. నిన్నటి నుంచి ఆ వీధిలో ఇంకొన్ని ఎక్కువయ్యాయి. తలుపులకు, కిటికీలకు, ఒక ఇంట్లో అయితే బర్రె కట్టే గుంజకు కూడా కట్టారు. బడి గేటుకు తాళం వేసి ఉంది.

టీచరు ఇంటి ముందర నడుము ఎత్తు గోడ, ఇనుప గేటు. గేటు దగ్గర ఆమె భర్త దావీదురాజు నిలబడి ఉన్నాడు. డోన్‌లో రైల్వే కీమ్యాన్‌గా ముప్పై ఏళ్లు పట్టాల వెంట నడిచి రిటైరైన మనిషి.

"ఎవురు?" అన్నాడు గడియ తీయకుండా.

"నేను సార్, గోపన్న కూతుర్ని. హర్షిణిని."

"టీవీ పాపవా?"

లోపల నుంచి టీచరు గొంతు వినబడింది.

"రానియ్యప్పా. అది మన బిడ్డే గదా."

విశ్వాసమ్మ వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. యాభై ఏడేళ్ల మనిషి, రెండు రోజుల్లోనే ముఖం లాగేసింది. పక్కన స్టూలు మీద ఒక కాగితం ఉంది. విచారణ తేలేవరకు బడికి రావద్దన్న ఉత్తర్వు. హర్షిణి చాప మీద కూర్చుంది. ఏడవకూడదని డోన్ నుంచి అనుకుంటూనే వచ్చింది. కూర్చోగానే ఏడ్చింది.

టీచరు ఆమెను ఓదార్చలేదు. కాయలు తుంచుతూనే మాట్లాడింది.

"నిన్న పొద్దున టీవీ పెట్టినా. నీ గొంతు వినపడింది. మన హర్షి మాట్లాడతాండాది, రా అప్పా అని ఈయన్ని పిలిచినా. సంతోషంగానే పిలిచినా. ఇద్దరం కూర్చోని విన్యాము. నువ్వు చెప్తాండేది నా గురించని నాకు అర్థమయ్యేదానికి రొంతసేపు పట్టె."

"నాకు తెలీదు టీచరమ్మా. ఒట్టు. కాగితంలో మీ పేరు లేదు. బొమ్మలు మాకు చూపియ్యరు. రోజుకు నలభై వార్తలు చదువుతా, యాడివి ఏంటివని..."

"పేరు ఉండుంటే చదవకపోదువా?"

"చదివేదాన్ని కాదు టీచరమ్మా."

"అది నేను కాకుండా ఇంగో ఊరి టీచరయ్యుంటే?"

టీచరు జవాబు కోసం చూడలేదు. కాయల చేట పక్కకు జరిపి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ పొద్దు జరిగింది మొదటి నుంచి చెప్పింది.

"జెండా కట్టే పైపు అడుగున తుప్పు పట్టుండాది. సిమెంటు వేయించాల, వేయించాల అనుకుంటానే దినాలు గడిచిపాయె. ఆ తప్పు నాదే. ఆ పొద్దు రాత్రి పడిన వానకు మన్ను మెత్తబడింది, పైన గాలి. పిల్లోళ్లు పాట సగంలో ఉండారు. పైపు కిర్రుమనింది. చూస్తే ఒంగుతాండాది. ముందర వరసలో ఒకటో తరగతి పిల్లోళ్లు ఉండారు హర్షీ. లగెత్తండి అని అరిచినా. పైపు పడింది. ఎస్తేరు అని ఒగ పాప, దాని నెత్తికి గీసుకోని రగతమొచ్చె. నేను దాన్ని చూస్తాండా. జెండా నా ఎనక మన్నులో పడుండాది. అదంతా నిజమే."

"ఆ తరువాత?"

"ఆ పాప ఏడుపు ఆపినాక తిరిగి చూసినా. ఎత్తుకొచ్చి, కొళాయి కాడ బురద పోయేదాకా జాడించి, లోపల నీడన ఆరేసి, మడిచి బీరువాలో పెట్టినా. అది వీడియోలో లేదు. దావన పోతా తీసినోడు, అంతసేపు యాల నిలబడతాడు?" టీచరు చేట మళ్లీ దగ్గరికి లాక్కుంది. "ఇదంతా సరే. ఆ మాట యాడిది? 'జెండా ముఖ్యం కాదు, పిల్లలే ముఖ్యం' అని నేను అన్యానంట. నువ్వు చదివినావు గదా. ఎవురితో అన్యాను? ఎప్పుడన్యాను?"

"కాగితంలో ఉండె."

"కాగితంలో రాసినోళ్లకు ఎవురు చెప్పినారు?"

తెలియదు. హర్షిణి ఆ ఉద్యోగంలో చేరి రెండున్నరేళ్లయింది. కాగితంలో రాసినవాళ్లకు ఎవరు చెప్పారన్న ప్రశ్న ఒక్కసారి కూడా ఆమె మనసులోకి రాలేదు. కాగితం వచ్చేది, చదివేది, నీళ్లు తాగేది, ఇంకో కాగితం వచ్చేది.

"టీచరమ్మా, మీరే చెప్పండి," అంది ఉన్నట్టుండి. "ఇప్పుడు నాతో చెప్పినట్టే చెప్పండి. ఫోన్లో తీసి పంపిస్తా. మా ఆఫీసులో హనుమేష్ అన్న ఉన్నాడు, కర్నూలు ఇన్‌ఛార్జి. మంచోడు. మీ మాట మీ నోటితో వింటే జనాలకు అర్థమవుతుంది."

గేటు దగ్గర నుంచి దావీదురాజు లోపలికి వచ్చాడు. "వద్దు" అన్నాడు.

"సార్, ఒక్కసారి..."

"వద్దు పాపా. నీమీద నాకు కోపం లేదు. వాళ్లకు ఇంగ ఒగ్గ మాట గూడా ఇచ్చేది వద్దు. గమ్మునుంటే నాలుగు దినాలకు ఇంగెవుర్నో పట్టుకుంటారు. ఈమెను ఇడిసిపెడతారు."

"నేను గమ్మునుంటే ఆ మాట అన్నట్టే గదప్పా," అంది విశ్వాసమ్మ. "ముప్పై మూడేండ్లు పనిజేసినా. ఆ మాట అనిందని పేరుబెట్టుకోని ఇంట్లో కూర్చోమంటావా?"

ఆయన మళ్లీ గేటు దగ్గరికి పోయాడు. టీచరు లేచి ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. హర్షిణి ఫోను పైకెత్తి చూసి, కుర్చీని కొంచెం పక్కకు జరపమంది. టీచరు వెనక గోడకు చర్చి క్యాలెండరు వేలాడుతోంది.

"యాల జరపమంటివి?"

"వెలుతురు టీచరమ్మా. ఈ పక్క బాగుంటుంది."

టీచరు వెనక్కి తిరిగి గోడను చూసింది. క్యాలెండరును చూసింది. కుర్చీ జరుపుకుంది. హర్షిణి ఫోనులోకి తల దించుకుంది.

నాలుగు నిమిషాల పది సెకన్లు మాట్లాడింది విశ్వాసమ్మ. పాఠం చెప్పినట్టు, తొందర లేకుండా, ఎక్కడా తడబడకుండా. పైపు సంగతి, తుప్పు సంగతి, ఎస్తేరు నెత్తి సంగతి, కొళాయి దగ్గర జెండా జాడించిన సంగతి. చివర్న కెమెరా వైపు సూటిగా చూసి ఇలా అంది: "జెండా ముఖ్యం కాదు, పిల్లలే ముఖ్యం... అని నేను ఏనాడూ అనలేదు. మా బళ్లో ఆ మాట ఎవరూ అనరు."

టీవీ కోసమని పుస్తకాల భాషలో మాట్లాడింది. పిల్లలకు డిక్టేషను చెప్పేటప్పటి అలవాటు కొద్దీ, 'అని' అనే ముందు కాస్త ఆగింది. ఆ ఆగడం హర్షిణికి బాగా నచ్చింది. రెండుసార్లు విని చూసుకుంది. హనుమేష్‌కు పంపి, వెంటనే ఫోను చేసింది.

"అన్నా, ఆమె మా టీచరు. నాకు చదువు చెప్పింది. మొత్తం వెయ్యాల. ముక్కలు చేయొద్దు."

"చూసినా లేమ్మా. బాగా మాట్లాడింది," అన్నాడు హనుమేష్. ఆ గొంతులో అబద్ధం లేదు. "హైదరాబాదు డెస్కుకు పంపిస్తాండా. మొత్తం వెయ్యండని రాసి మరీ పంపిస్తా. నాలుగింటి బులెటిన్ చూడు."

నాలుగింటి దాకా మూడు గంటల సమయముంది. ఇంటికి పోయొస్తానంటే టీచరు ఒప్పుకోలేదు. తినకుండా యాడికి పోతావని సంగటి, శనక్కాయల ఊరిబిండి పచ్చడి, చిక్కుడుకాయ కూర పెట్టింది. హర్షిణి పళ్లెం ముందర కూర్చున్నాక గుర్తొచ్చింది, ఆ ఇంట్లో తాను తినడం ఇదే మొదటిసారి అని. చిన్నప్పుడు పలక పట్టుకుని ఎన్ని సాయంత్రాలు వచ్చిందో లెక్కలేదు. ఎప్పుడు వచ్చినా అరుగు మీదే కూర్చునేది. ఏమన్నా పెట్టినా తినకుండా రావాలని ఇంట్లో చెప్పి పంపేవాళ్లు. టీచరుకు ఆ సంగతి తెలుసు. అందుకే ఆ రోజుల్లో ఎప్పుడూ ఏమీ పెట్టలేదు.

నాలుగు గంటలకు ముగ్గురూ టీవీ ముందర కూర్చున్నారు. మొదట సరిహద్దు వార్త వచ్చింది, తరువాత వాన వార్త. ఆ తరువాత తెర ఎర్రబడింది. "కడప జిల్లా జెండా ఘటనలో సంచలనం" అన్న అక్షరాలు పడ్డాయి. ఈసారి చదివింది హర్షిణి కాదు. హైదరాబాదులో ఎవరో మగగొంతు.

విశ్వాసమ్మ ముఖం తెరంతా పరుచుకుంది. నాలుగు నిమిషాల ముఖం కాదు, ఆరు సెకన్ల ముఖం. కెమెరా వైపు సూటిగా చూస్తూ, నిదానంగా, స్పష్టంగా ఆమె అంది:

"జెండా ముఖ్యం కాదు, పిల్లలే ముఖ్యం."

అక్కడితో కోసేశారు. వెంటనే బురదలో జెండా. మళ్లీ ఆమె ముఖం. మళ్లీ ఆ మాట. మూడోసారికి కింద పెద్ద అక్షరాలతో అదే మాట రాశారు. తెర మూలన చిన్న అక్షరాల్లో "రిపోర్టింగ్: హర్షిణి, నల్లగుట్టపల్లె" అని వేశారు.

మొదట మాట్లాడింది విశ్వాసమ్మే.

"ఆ ఎనక మాట యాడ పాయె?"

టీవీని అడుగుతున్నట్టు అడిగింది. హర్షిణి వైపు చూడలేదు. "అనలేదు అంటి గదా. యాడ పాయె అది?"

దావీదురాజు లేచి టీవీ కట్టేశాడు. అంతే. ముందే చెప్పానని ఒక్క మాటైనా అని ఉంటే హర్షిణికి కొంచెం తేలికయ్యేది. ఆయన అనలేదు.

హనుమేష్ మొదటి రెండుసార్లు ఫోను ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు.

"నేను చెప్పినానమ్మా. మొత్తం వెయ్యండని రాసి పంపించినా. కావాలంటే చూపిస్తా. నాలుగు నిమిషాలు ఎవురు చూస్తారు అన్యారు."

"ఆమె అనలేదని చెప్పింది అన్నా! అనలేదు అన్న మాటే తీసేసినారు!"

"ఖండించిందని కింద స్క్రోలింగ్ పోతుందంట, తొమ్మిదింటికి."

"ఇప్పుడే ఆపించన్నా. నీ కాళ్లు మొక్కుతా."

"నా చేతిలో యాముండాది చెప్పు? నేను ఈడ కర్నూల్లో కూర్చోనుండా. నన్ను అడిగి వేసినారా, నాకు చెప్పి వేసినారా?" హనుమేష్ గొంతు తగ్గించాడు. "ఇప్పటికే మిగతా ఛానళ్లు మన ముక్కే ఎత్తుకోని నడిపిస్తాండారు. మనం తీసినా ఇంగ ఆగేది కాదు. నువ్వు ఆడుండకు. ఇంటికి పో."

హర్షిణి ఫోను పెట్టేసి, మొత్తం వీడియోను తన సొంత పేజీలో పెట్టింది. "ఇదీ అసలు మాట, దయచేసి చివరిదాకా వినండి" అని పైన రాసింది. పావుగంటలో ముప్పై ఒక్క మంది చూశారు. ఛానల్ ముక్కను అప్పటికే నలభై వేల మంది చూశారు. తన వీడియో కింద మొదటి మాట ఎవరో తెలియనివాళ్లు రాశారు: "ఇది ఎడిట్ చేసిన వీడియో. ఎంత ఇచ్చారు?" రెండో మాట ఆమె బడి స్నేహితురాలు శివానిది. ఒకే బల్ల మీద కూర్చుని, విశ్వాసమ్మ దగ్గరే ఎక్కాలు నేర్చుకున్న పిల్ల. "టీచరమ్మ ఇట్లా అంటుందని అనుకోలేదు. బాధేసింది" అని రాసింది. చివరిదాకా వినలేదని తెలిసిపోతోంది. హర్షిణి ఆమెకు ఫోను చేసింది. పని ఉంది, తరువాత మాట్లాడతానంది శివాని.

అయిదు కాకముందే మోటారుసైకిళ్ల చప్పుడు మొదలైంది. ఒకటి, రెండు కాదు. చర్చి మలుపు తిరిగి వీధిలోకి వస్తున్నాయి. చుట్టుపక్కల ఇళ్ల తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్న చప్పుడు కూడా వినబడింది. దావీదురాజు లేచి కిటికీ రెక్క దగ్గరగా వేశాడు.

ఒకరు నినాదం అందుకున్నారు, అందరూ పలికారు. దేశానికి జై అన్నారు. ఆ మాటలో తప్పు పట్టేందుకేమీ లేదు. ఆ ఇంట్లో ముగ్గురూ చిన్నప్పటి నుంచి అన్న మాటే అది. ఈ గేటు ముందర నిలబడి, ఇంత గట్టిగా అంటుంటే మాత్రం విశ్వాసమ్మ చేతుల్ని కొంగులో చుట్టుకుంది.

"పాపా! హర్షీ!"

హర్షిణి ఉలిక్కిపడింది. అది వాళ్ల నాన్న గొంతు.

కిటికీ సందులోంచి చూసింది. అరవై డెబ్బై మంది ఉంటారు. అందరూ తెలిసినవాళ్లే. వీళ్లలో సగం మంది ఈ బళ్లోనే చదివారు. ముందర తెల్ల చొక్కాలో గోపన్న నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. పెళ్లిలో కూతురి పక్కన నిలబడిన తండ్రి ముఖంలా వెలిగిపోతోంది.

"రామ్మా బయటికి! ఈడనే ఉండావని రోడ్డు మీద నిన్ను చూసినోళ్లు చెప్పినారు. టీవీలో నీ పేరు చూసినాము. ఒంటి పిల్ల వచ్చి, ఆమె నోటితోనే నిజం కక్కించింది!" వెనక్కి తిరిగి జనంతో అన్నాడు: "నా కూతురప్పా. ఎవురికీ జెప్పకుండా వచ్చి చేసింది."

చప్పట్లు కొట్టారు. హర్షిణి పేరు పెట్టి జై కొట్టారు.

ఆమె వెనక్కి తిరిగి టీచరు ముఖం చూడలేకపోయింది. చూడకుండానే తలుపు తీసి వరండాలోకి వచ్చింది. అరవై ఫోన్లు పైకి లేచాయి. గోపన్న నవ్వుతూ చెయ్యి ఎత్తి అందర్నీ ఆపాడు.

"చూడు పాపా, ఎవుర్నీ ఏమీ చేయము. మనమేమన్నా రౌడీలమా? ఆయమ్మ బయటికొచ్చి, జెండాకు దండం బెట్టి, తప్పయిందని ఒగ్గ మాట అంటే సాలు. అందరం ఇండ్లకు పోతాము. నువ్వే జెప్పు. నీ ఎదురుగానే గదా ఆమె ఆ మాట అనింది?"

"అనలేదు నాన్నా."

గోపన్నకు వినబడలేదు. వినబడినా అర్థం కాలేదేమో. నవ్వు అట్లాగే ఉంది. "ఏం?"

"ఆమె ఆ మాట అనలేదు. అనలేదని చెప్పింది. మా వాళ్లు కోసేసినారు. నా దగ్గర మొత్తం ఉంది, చూడండి..." ఫోను పైకెత్తింది. ఎండలో తెర నల్లగా ఉంది. ఎవరికీ ఏమీ కనబడలేదు. వెనక ఎవరో మోటారుసైకిలు హారన్ నొక్కి పట్టుకున్నారు. హర్షిణి ఇంకా ఏదో చెబుతూనే ఉంది. పెదాలు కదలడం తప్ప ఏమీ వినబడలేదు. హారన్ ఆగేసరికి ఆమె చెప్పడం కూడా అయిపోయింది.

గుంపు మధ్యలోంచి ఒక గొంతు లేచింది. ఎవరిదో తెలియలేదు.

"ఏం గోపన్నా, నీ కూతురు గూడా ఈళ్లల్లోనే కలిసిందా? మధ్యాన్నం ఈళ్లింట్లోనే తినిందంట గదా?"

దించినవాళ్లు మళ్లీ ఫోన్లు ఎత్తారు. ఈసారి అవి హర్షిణి వైపు కాదు, గోపన్న వైపు తిరిగాయి. ఆయన చుట్టూ ఉన్నవాళ్లు ఎవరూ తోయకుండానే అడుగు అడుగు వెనక్కి జరిగారు. తెల్ల చొక్కాలో ఆయన ఒక్కడే గేటు ముందర మిగిలాడు. ముఖంలో వెలుగు పోయింది. కూతురి వైపు చూశాడు. అరవై మంది వైపు చూశాడు. ఎవరో ఒకరు తనకు దారి చూపిస్తారేమోనని ఎదురుచూస్తున్నట్టు కాసేపు నిలబడ్డాడు.

తరువాత చెయ్యి లోపలికి పెట్టి, గేటు గడియ తీశాడు.